సబ్బుడబ్బా ముక్క మీద పురుగు

మా మేనత్త పేరు మీద ఒక పురుగుంది. గొప్పకి చెప్పడం లేదు, నిజంగానే ఉంది. శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో అత్త పేరుకి లాటిన్ తోక ఒకటి తగిలించి ఉంటుంది. బియ్యపుగింజంత పెంకుపురుగు. ఆకుపచ్చగా మెరుస్తుంది, వీపు మీద రెండు ఎర్రచుక్కలు. మామయ్య దాని ఫొటోని తలుపంత పెద్దది చేయించి ముందుగది గోడకి తగిలించాడు. ఇంటికెవరొచ్చినా, చెప్పులు విప్పేలోపే మొదలుపెడతాడు.

"అదిగో, మా ఆవిడ," అంటాడు ఫొటో చూపించి.

వచ్చినవాళ్ళు పురుగుని ఒకసారీ అత్తని ఒకసారీ చూస్తారు.

"పోలికలున్నాయి కదూ? అలిగితే అచ్చం అలాగే ముడుచుకుపోతుంది. ఈ పురుగు లోకం మొత్తానికి ఒక్క కొండ మీదే ఉంటుందండీ. నా పేరు ఎవరైనా దేనికైనా పెడితే బొద్దింకకి పెట్టాలి."

వాళ్ళు నవ్వుతారు. అత్త వంటింట్లోకి వెళ్ళిపోతుంది. సిగ్గు అనుకునేవాళ్ళు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. కాలేజీ రెండో ఏడు మధ్యలో మానేసి, ఇంట్లో నాన్నకీ నాకూ మాటల్లేకుండా పోయి అత్త దగ్గరికొచ్చి పడ్డాక, ఎనిమిది నెలలకి గానీ అది సిగ్గు కాదని తెలియలేదు.

అత్త శాస్త్రజ్ఞురాలు కాదు. చదివింది పదో తరగతి. పురుగుల మ్యూజియం వెనక గదిలో ఎండిన పురుగుల్ని సూదికి ఎక్కించడం ఆమె ఉద్యోగం. అక్కడ అందరూ సూదులమ్మ అంటారు. ఆ గదికి రెండు కిటికీలు. రెండూ మూసేసి, సందుల్లో టేపు వేశారు. ఎండిన పురుగుల్నే తిని బతికే పురుగు ఒకటుంది, అది లోపల దూరిందంటే వందేళ్ళ సొరుగుల్ని నెలలో పొడి చేసి పెడుతుంది. అందుకని గాలి రాకూడదు. ఫ్యాను ఉంది, వెయ్యకూడదు. వేస్తే బల్ల మీద ఆరబెట్టిన రెక్కలన్నీ లేచిపోతాయి. ఎండాకాలంలో కూడా అత్త నుదుటికి రుమాలు కట్టుకుని, ఊపిరి పక్కకి వదులుతూ పని చేస్తుంది. ఇంట్లో కూడా ఎదుటి మనిషితో మొహం కాస్త పక్కకి తిప్పే మాట్లాడుతుంది. ఇరవయ్యారేళ్ళ అలవాటు మరి. బట్టలకీ, భోజనం డబ్బాకీ, ఆఖరికి దుప్పట్లకీ కలరా ఉండల వాసన.

పెంకుపురుగుకి సూది కుడి రెక్కపెంకులోంచి దిగాలి. మరీ చిన్నదైతే సూది పట్టదు. అప్పుడు తెల్లటి అట్టని చిన్న త్రికోణంగా కత్తిరించి, దాని మొనకి జిగురుచుక్కతో పురుగుని అంటించి, సూదిని అట్టలో దించుతారు. దాని కింద అదే సూదికి లేబుల్. ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఎవరు పట్టారు. లేబుల్ లేని పురుగు, ఎంత అపురూపమైనదైనా, వాళ్ళ లెక్కలో చెత్త.

అత్తకి పని నేర్పిన ముసలాయన మొదటిరోజే ఒక నియమం చెప్పాడట. ఒకసారి గుచ్చిన లేబుల్ని తియ్యకూడదు. తప్పని తెలిసినా తియ్యకూడదు. సరైనది ఇంకోటి రాసి, రాసినవాళ్ళ పేరూ తేదీ వేసి, దాని కింద గుచ్చాలి. తప్పూ ఉండాలి, దిద్దుబాటూ ఉండాలి. ఈ మాట అత్త నాకు ఇరవైసార్లయినా చెప్పి ఉంటుంది. పప్పులో ఉప్పెక్కువైందని నేనంటే కూడా ఇదే చెప్పేది. ఎందుకంత చెబుతోందో నాకు తట్టలేదు.

ఒకరోజు చొక్కా గుండీ ఊడింది. సూదీ దారం ఉంటాయని అత్త బీరువాలోంచి పాత బిస్కెట్ల డబ్బా తీశాను. లోపల దారం లేదు. అడుగున మందంగా స్పాంజి, దాని మీద వరసగా తొమ్మిది సూదులు, సూదికో పురుగు. ఆకుపచ్చవి, రెండేసి ఎర్రచుక్కలవి. లేబుల్ చదవడానికి భూతద్దం కావలసి వచ్చింది. 'మూడో అంతస్తు మెట్ల దీపం కింద. పొద్దున్నే.' తొమ్మిదింటికీ అదే మాట. తేదీలు మాత్రం పదేళ్ళ మీద పరుచుకుని ఉన్నాయి, అన్నీ తొలివానల రోజులే.

పురుగుల గురించి నాకు ఓనమాలు రావు. కానీ ఆ పురుగు ఒక్క కొండ మీదే ఉంటుందనీ, అదీ ఒక్కటే దొరికిందనీ మామయ్య నోట వందసార్లు విన్నాను.

"అత్తా, ఇవేంటి?"

డబ్బా లాక్కుని మూత పెట్టింది. మూత మీంచి చెయ్యి తియ్యలేదు.

"మీ మామయ్యకి చెప్పకు."

"ఏం చెప్పకూడదో చెబితే కదా, చెప్పకుండా ఉండేది."

అప్పుడు చెప్పింది. మొహం పక్కకి తిప్పుకునే చెప్పింది.

పదకొండేళ్ళ కిందట ఒక పొద్దున పాలప్యాకెట్ కోసం దిగుతుంటే, తమ అంతస్తులోనే, మెట్ల దీపం కింద చచ్చిపడి ఉన్న ఈ పురుగు కనపడింది. ముచ్చటేసి ఖాళీ మాత్రల డబ్బాలో వేసుకుని గదికి తీసుకెళ్ళింది. తన కోసం ఒక్కటి ఎక్కించుకుందామని. సొంత పనికి ఆఫీసు అట్ట వాడటం మనసొప్పక, ఇంటినుంచి తెచ్చుకున్న సబ్బుడబ్బా ముక్కనే త్రికోణంగా కత్తిరించింది. తెల్లవైపు పైకి, నీలం రంగు వైపు కిందికి. జిగురు ఆరాలి కదా, ఎదురుగా కొండ నుంచి వచ్చిన పురుగుల్ని సూదులతో గుచ్చిన పలక ఉంటే దాని చివర గుచ్చి పెట్టింది. ఆ వారం గదిలో అందరికీ ఊపిరాడని హడావిడి. కీటక శాస్త్రజ్ఞుల వార్షిక సదస్సు దగ్గరపడింది, ఆరువందల పురుగులు సిద్ధం కావాలి. మధ్యాహ్నం లేబుళ్ళ పని మొదలుపెట్టింది. ఒక పలకకి ఒకే చోటు, ఒకే తేదీ కాబట్టి లేబుళ్ళన్నీ ఒకే పట్టీగా రాసి, ఎన్ని సూదులుంటే అన్ని ముక్కలుగా కోసి, వరసగా గుచ్చుకుంటూ పోవడమే. సూదులు లెక్కపెట్టింది. పంతొమ్మిది. పంతొమ్మిది ముక్కలు కోసింది. కొండవి పద్ధెనిమిదే.

"రెండ్రోజుల తర్వాత నా పురుగు కోసం వెతికితే కనపడలేదు. ఊడ్చినప్పుడు పోయిందేమో అనుకున్నా. ఏడాది తిరిగాక మా మ్యూజియం పెద్దసారు గదిలోకి పరిగెత్తుకొచ్చాడు. ఆయన పరిగెత్తడం నేనెప్పుడూ చూళ్ళేదు. కొత్త జాతి అమ్మా, కొండ మీది కొత్త జాతి, నీ చేత్తో ఎక్కించింది, నీ పేరే పెడుతున్నా అన్నాడు. సూది వంచి చూశాను. కింద నీలం."

"అప్పుడే చెప్పాల్సింది."

"చుట్టూ పదిమంది ఉన్నార్రా. చప్పట్లు కొడుతున్నారు. ఇంటికొచ్చేసరికి మీ మామయ్య వీధి వీధంతా చెప్పేశాడు. రేపు చెబుదాం అనుకున్నా."

ఆ రేపు పదేళ్ళయింది. ఈలోపు కొండ మీద క్వారీ ఆగింది, ఆ పురుగు పుణ్యమా అని. సగం కొండని అప్పటికే నమిలేశారు, మిగతా సగానికి కంచె వేశారు. వానలు మొదలైనప్పుడల్లా ఒకటో రెండో పురుగులు మెట్ల దీపం కింద పడేవి, ఒక్కో ఏడు అదీ లేదు. అత్త వాటిని పాలప్యాకెట్‌తో పాటు ఏరుకొచ్చి, సరైన లేబుల్ రాసి, డబ్బాలో దాచింది.

నాకు ఒళ్ళు మండింది. "పోయి చెప్పేస్తే అయిపోతుంది కదా! దానికింత ఏడుపెందుకు?"

"నువ్వు కాలేజీ మానేసినంత తేలిక కాదురా ఇది," అంది.

అసలు ఏడుపు వేరే ఉంది. మూడేళ్ళ కిందట మ్యూజియానికి ఒక పరిశోధకురాలు వచ్చింది. పెద్దసారు ఆ అమ్మాయికి ఇచ్చిన పని ఒక్కటే, అత్త పేరున్న పురుగుని కొండ మీద ప్రాణంతో పట్టుకురావడం. ఏడాదికి ఏడు నెలలు కొండ మీదే గుడారం. గదిలో అందరూ కొండపిల్ల అంటారు. రెండో ఏడు వానలో జారి మడమ విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఇప్పుడు కుడికాలు ఈడుస్తూ నడుస్తుంది. కొండకి వెళ్ళే ముందూ వచ్చాకా అత్త గదిలోనే కూర్చుని టీ తాగుతుంది, "మీరు దొరకడం లేదు పిన్నిగారూ" అని నవ్వుతుంది. అత్త ఆ టీ గ్లాసు కడిగి బోర్లించి, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడదు.

ఈ ఏడు సదస్సులో ఆ అమ్మాయి ప్రసంగం ఉంది. పురుగు అంతరించిపోయిందని చెప్పి చేతులు దులుపుకోవాలని ఆమె ఉద్దేశం. పెద్దసారు ఒప్పుకోవడం లేదు. కనపడలేదని చెప్పు, లేదని మాత్రం చెప్పకు, ఇంకో రెండేళ్ళు వెతుకు అంటున్నాడు. ఆమె చదువు పూర్తయినట్టు సంతకం పెట్టాల్సింది ఆయనే.

"రెండేళ్ళు. ఆ కాలుతో," అంది అత్త నాతో.

సదస్సుకి మొదటి నమూనాని, అంటే సబ్బుడబ్బా ముక్క మీది అసలు పురుగుని, అద్దాలపెట్టెలో పెట్టి చూపించాలన్నారు. పెట్టె కుదపకూడదు కాబట్టి అత్త ఆటోలో దాన్ని ఒళ్ళో పెట్టుకుంది, నేను పక్కన కూర్చుని అత్తని పట్టుకున్నాను. ఆమె చేతిసంచిలో బిస్కెట్ల డబ్బా కూడా ఉందని హాలుకి చేరాక చూశాను.

శాస్త్రజ్ఞులంటే నేనేదో అనుకున్నాను. మూడొందలమంది, మెడలో ఒక భూతద్దం, ఒక పేరుబిళ్ళ. ఒక్కడూ మనిషి మొహం చూసి మాట్లాడడు. ఎదుటివాడి చొక్కా మీద వాలిన ఈగని చూస్తూ మాట్లాడతాడు. టీ విరామంలో ఇద్దరు పెద్దమనుషులు కర్టెన్ వెనక ఒకే కందిరీగ కోసం కొట్టుకోబోయారు. చీమలాయన ఒకడు బిస్కెట్ కింద పడేసి, దాని చుట్టూ చీమలు చేరేదాకా కదల్లేదు. వేదిక మీద మాత్రం అందరిదీ ఒకటే బాధ. పురుగులు తగ్గిపోతున్నాయి, వెతికేవాళ్ళు ఇంకా తగ్గిపోతున్నారు.

అత్తని అద్దాలపెట్టె పక్కన కుర్చీలో కూర్చోమన్నారు. పేరుబిళ్ళ మీద పేరు రాయలేదు, 'సహాయం' అని రాశారు. జనం వరసగా వచ్చి ఫొటోలు తీసుకున్నారు.

"ఇది ఎవరి పేరండీ? ఆవిడ బతికే ఉన్నారా?" అని అడిగాడు ఒకాయన.

"ఉన్నారండీ."

"ఎక్కడుంటారు?"

"మూడో అంతస్తులో."

ఆయన తలూపి, పెట్టె మీద పాకుతున్న ఇంకేదో పురుగు వెనక వెళ్ళిపోయాడు.

రెండోరోజు మధ్యాహ్నం కొండపిల్ల ప్రసంగం. దానికి గంట ముందు పెద్దసారు పెట్టె దగ్గరికి వచ్చాడు. అత్త లేచి నిలబడింది. చేతిసంచి పొట్టకి అదుముకుంది.

"సార్, మీకొక మాట చెప్పాలి. పదేళ్ళ కిందట చెప్పాల్సింది. ఆ పురుగు..."

"సబ్బుడబ్బా కదమ్మా," అన్నాడాయన.

అత్త కళ్ళు పెట్టెలో పురుగు మీదికి పోయాయి.

"నీలం ముక్క నేను చూడలేదనుకున్నావా? మన గదిలో నీలం అట్ట ఎప్పుడుంది? మొదట్లో చూళ్ళేదు, నిజమే. పేరు అచ్చయిన నెలకి చూశాను. ఎక్కడిదో అడుగుదామనుకున్నా. అంతలో క్వారీ వాళ్ళ మీద గెలిచాం. అడగబుద్ధి కాలేదు."

"మీకు తెలిసే ఆ పిల్లని పంపారా సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డ మనిషిలా లేడు, అదే నాకు ఎక్కువ కంపరం పుట్టించింది.

"అంతరించిందంటే కంచె పీకేస్తారమ్మా. దొరికిందంటే మంచిదే, దొరకదు. వెతుకుతున్నాం అంటేనే కొండ నిలబడుతుంది. ఎవరో ఒకరు వెతుకుతూ ఉండాలి."

"ఆ కాలు సార్..."

"రెండేళ్ళే. తర్వాత ఇంకెవరినైనా పంపుతాను." ఎవరో పిలిస్తే తిరిగి చూశాడు. "నువ్వు ఆపిన కొండ అది. నువ్వే పడగొట్టకు," అని వెళ్ళిపోయాడు.

అత్త కూర్చుంది. సంచి మూతి విప్పింది, మళ్ళీ కట్టింది. మళ్ళీ విప్పింది. చెబితే కొండ పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల మళ్ళీ కొండెక్కుతుంది. ఇన్నేళ్ళూ తనొక్కతే ఉన్నాననుకున్న అబద్ధంలో ఇంకో మనిషి కూడా ఉన్నాడని ఇప్పుడు తెలిసింది.

అప్పుడే కొండపిల్ల కాలీడుస్తూ వచ్చింది. చేతిలో కాగితాలు.

"ఒప్పుకున్నాను పిన్నిగారూ," అంది. "ఇంకో రెండేళ్ళు. ఏం చెయ్యను, సంతకం కావాలి కదా. ఒక్కసారి మిమ్మల్ని చూసి పోదామని వచ్చా." పెట్టెలో పురుగు వైపు చూసి నవ్వింది.

అత్త మెడలో తాళంచెవి తీసి అద్దాలపెట్టె తెరిచింది. అలా తెరవకూడదు. పట్టకారు ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

"వంచి కింద చూడు."

చూసింది. "ఇదేంటి, నీలంగా?"

"సబ్బుడబ్బా."

బిస్కెట్ల డబ్బా కూడా తెరిచి ముందు పెట్టింది. అన్నీ చెప్పింది. ఈసారి మొహం పక్కకి తిప్పుకోలేదు. కొండపిల్ల తొమ్మిది లేబుళ్ళూ భూతద్దంతో ఒక్కొక్కటే చదివింది. చివరిది చదివాక భూతద్దం కిందికి దించింది.

"మూడేళ్ళు," అంది. "ప్రతిసారీ టీ ఇచ్చారు. జాగ్రత్తమ్మా, రాళ్ళు జారతాయి అన్నారు. కాలు విరిగి వస్తే కట్టు మార్చారు. చేతులెలా వచ్చాయి మీకు?"

నేను ఏదో అనబోతే అత్త నా మోకాలి మీద గట్టిగా చెయ్యేసింది.

"పెద్దసారుకి తెలుసా?"

"తెలుసు."

లోపల మైకులో ఆమె పేరు పిలిచారు. డబ్బా మూత తనే పెట్టి అత్త చేతికిచ్చి, వెళ్ళిపోయింది.

మేం తలుపు దగ్గర నిలబడి విన్నాం. ఈ పిల్ల ఇప్పుడు చెప్పేస్తుంది, అంతా కూలిపోతుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే కూలిపోవాలనే కోరుకున్నాను. ఆ అమ్మాయి పటాలు చూపించింది, లెక్కలు చెప్పింది. ఆఖరికొచ్చేసరికి కాగితాలు మడిచేసింది. ముందువరసలో పెద్దసారు తల వంచుకుని ఉన్నాడు.

"మూడేళ్ళలో ఈ పురుగు నాకు కొండ మీద కనపడలేదు," అంది. "ఇంకా వెతకాలి."

చప్పట్లు కొట్టారు. పదేళ్ళ కిందట కూడా అచ్చం ఇలాగే కొట్టి ఉంటారు.

బయట వరండాలో అత్త ఆమెని ఆపింది. "ఎందుకమ్మా అలా చెప్పావు?"

"మీ కోసం కాదు. ఆయన కోసం అంతకన్నా కాదు. మీ పురుగుని వెతుకుతూ కొండ మీద నేను పట్టినవి నూటనలభై రకాలున్నాయి. వాటిలో పేర్లు లేనివెన్నో నాకే తెలీదు. అవి తేల్చి వాటికి పేర్లొచ్చేదాకా కంచె ఉండాలి. అందాకా మీ అబద్ధం నాక్కూడా కావాలి." ఒక మెట్టు దిగి ఆగింది. "మీ మీద కోపం మాత్రం పోలేదు. ఇప్పట్లో పోదు."

సదస్సు ముగిశాక అత్త పురుగుని సొరుగులో పెట్టే ముందు బల్ల దగ్గర కూర్చుంది. ఫ్యాను లేని ఆ గదిలో రుమాలు కట్టుకుని, ఆవగింజంత అక్షరాలతో ఒక లేబుల్ రాసింది. 'పై లేబుల్ తప్పు. దొరికిన చోటు: మూడో అంతస్తు మెట్ల దీపం కింద. తప్పు గుచ్చింది నేనే.' పేరు రాసింది, తేదీ వేసింది. పాతదాని కింద గుచ్చింది. పైనుంచి చూస్తే పాతదే కనపడుతుంది. కిందిది చదవాలంటే ఎవరో ఒకరు సూదిని చేతిలోకి తీసుకుని వంచాలి.

"ఇదెవరు చూస్తారు?" అన్నాను విసుగ్గా.

సూది అడుగున మిగిలిన జాగాని గోటితో కొలిచింది. "ఇంకో లేబుల్ పడుతుంది. అది ఆ పిల్ల గుచ్చాలి. నూటనలభై అయ్యాక."

సొరుగు మూసి తాళం వేసింది.

మొన్న తొలివాన పడ్డ మర్నాడు పొద్దున్నే తలుపు తట్టిన చప్పుడైంది. కొండపిల్ల. మామయ్య ఎగిరి గంతేసినంత పని చేసి లోపలికి పిలిచాడు, చెప్పులు విప్పేలోపే ఫొటో దగ్గరికి తీసుకెళ్ళాడు.

"అదిగో, మా ఆవిడ. ఇది ఎక్కడుంటుందో తెలుసా అమ్మా? లోకం మొత్తానికి ఒక్క కొండ మీద!"

"తెలుసండీ," అంది ఆ అమ్మాయి.

అత్త వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి మామయ్య మాటలకి తలూపుతూనే, తెరిచిన తలుపులోంచి మెట్ల దీపం కింద గచ్చు వైపు చూస్తోంది.